ఒక్క సంచీ, ఎంతో తెలియని చలీ

రెస్క్యూ స్టేషన్‌కు కొత్తగా ట్రైనింగుకు వచ్చే పిల్లలు నన్ను బజార్లో ఎక్కడ చూసినా ఒకటే అడుగుతారు. "తాతా, నీ సర్వీసుల ఎంతమందిని బయటికి తెచ్చినవ్?" అని. ఆ లెక్క నేనెప్పుడూ చెప్పను. దాని బదులు వాళ్ళను చాయ్ హోటల్లో కూర్చోబెట్టి, నాకు అన్నిటికంటే బాగా గుర్తున్న ఒక పని గురించి చెబుతాను. అది మన బొగ్గుగనిలో జరిగింది కాదు. గోదావరిఖని నుంచి చాలా దూరాన, మంచుకొండల్లో, ఒక సొరంగంలో జరిగింది. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఏం జరుగుతోందో నాకు సగమే అర్థమైంది. మిగతా సగం గురించి ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

ఈ పని తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. గనిలో నిప్పు పుట్టినా, విషవాయువు లేచినా అందరూ బయటికి వస్తారు. అప్పుడు లోపలికి పోయేవాళ్ళం మేము. వీపు మీద ఆక్సిజన్ సెట్టు ఉంటుంది. నోట్లో రబ్బరు గొట్టం, ముక్కుకు క్లిప్పు. మనం విడిచిన ఊపిరినే ఆ సెట్టు కడిగి, ఆక్సిజన్ కలిపి మళ్ళీ మనకే ఇస్తుంది. గొట్టం నోట్లో ఉన్నంతసేపు మాట్లాడడానికి లేదు. నోరు తెరిస్తే బయటి విషం లోపలికి పోతుంది. చేతి సైగలూ, నడుముకు కట్టుకున్న చిన్న హారన్ మోతలే మా మాటలు. మన గనుల్లో వేడి ఎక్కువ కాబట్టి, పీల్చే గాలి చల్లబడడానికి సెట్టులో ఒక ఐసుగడ్డ కూడా పెడతాం. చలి అంటే మాకు తెలిసింది ఆ ఐసుగడ్డే.

తెలంగాణ వస్తుందా రాదా అని ప్రతి హోటల్లోనూ గొంతులు చించుకుంటున్న రోజులవి. డిసెంబరు నెల. పొద్దున డ్యూటీకి పోగానే మా సూపరింటెండెంటు సారు మా టీం ఆరుగురినీ పిలిచారు. ఆయనది కృష్ణా జిల్లా వైపు. మామూలుగా జోకులేస్తూ మాట్లాడే మనిషి ఆ రోజు నిలబడే మాట్లాడారు.

"ఉత్తరాన కొండల్లో కరెంటు ప్రాజెక్టుకి సొరంగం తవ్వుతున్నారు. లోపల డీజిలు బండి ఒకటి తగలబడింది. మంట ఆరింది గానీ పొగ నిలిచిపోయింది. కూలీలు ఇరుక్కున్నారు. సెట్లు వేసుకుని పొగలోకి పోయేవాళ్ళు ఆ దగ్గర్లో ఎవరూ లేరట. మనల్ని రమ్మన్నారు. రేపు విమానం."

"లోపల ఎంతమంది సార్?" అని అడిగాను. టీం కెప్టెన్ని నేనే.

"ఒకళ్ళు ఇద్దరంటున్నారు, ఇంకొకళ్ళు డజనంటున్నారు. అక్కడికి వెళ్తేగాని తెలీదు."

"చలి ఎంతుంటది సార్?" అని మా కాక అడిగాడు. కాక అంటే టీంలో నా తర్వాతివాడు, వయసులో అందరికంటే పెద్ద. రిటైరుమెంటు దగ్గర పడింది. ఊరంతా ఆయన్ను కాక అనే పిలిచేది.

"మీరు ఇంతవరకు చూడనంత," అన్నారు సారు. తర్వాత అసలు కష్టం చెప్పారు. విమానం కింది అరలో మాకు ఇచ్చిన బరువంతా సెట్లకూ, సిలిండర్లకూ, ఆక్సిజన్ నింపే పంపులకూ సరిపోతుంది. దిగాక కొండ మీదికి పోయే జీపుల్లోనూ చోటు లేదు. కాబట్టి మనిషికి ఒకటే సంచి. సీటు మీది అరలో పట్టేంత చిన్నది, ఏడు కిలోలు దాటకూడదు. ఎవరి సంచి వాళ్ళే మోసుకోవాలి, ఎన్నాళ్ళుంటామో తెలియదు.

మీరు నవ్వుతారేమో గానీ, ఆ రోజు నన్ను భయపెట్టింది పొగ కాదు, సంచి. పొగలోకి పోవడం నా పని, దానికి ఏం తీసుకుపోవాలో నాకు తెలుసు. రెస్క్యూలో అనవసరమైన బరువు మోసినవాడి ఆక్సిజన్ తొందరగా అయిపోతుంది. అదే మాట ఎన్నో బ్యాచులకు పాఠంగా చెప్పినవాణ్ణి. కానీ ఇంటికొచ్చి నీలం రెగ్జిన్ సంచిని మంచం మీద పెట్టి చూస్తే, అందులో ఏం పెట్టాలో ఒక్కటీ తోచలేదు. చూడని చలికి ఎన్ని బట్టలు కావాలి?

నా భార్య అంతకు ముందే కాలనీ అంతా చాటేసింది. మా లైన్లో ఉండే మాజీ సిపాయి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "మందం కోటు ఒక్కటి కాదు తమ్మీ, పల్చటియి ఒకదాని మీద ఒకటి ఎయ్యాలె. సాక్సులు రెండు జతలు. తడిస్తే మాత్రం జల్ది మార్చాలె, లేకుంటె వేళ్ళు నల్లబడ్తయ్," అన్నాడు. ఎదురింటి అక్క ఆవనూనె రాసుకుంటే చలి అంటదని చెప్పి ఒక సీసా తెచ్చి ఇచ్చింది. మా బావమరిది ఫోన్ చేసి, అక్కడ నీళ్ళు గడ్డకడతాయి కాబట్టి తాగడానికి ఇక్కడినుంచే తీసుకుపొమ్మన్నాడు. ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్పి పోతున్నారు. చెప్పినవారెవరూ చలిదేశం చూసినవాళ్ళు కారు, సిపాయి తప్ప. ఆయన కూడా ఎక్కువకాలం సికింద్రాబాదులోనే పనిచేశాడని తర్వాత తెలిసింది.

సాయంత్రం బస్టాండు దగ్గర నేపాలీవాళ్ళ స్వెటర్ల దుకాణాలకు పోయాం. నా భార్య మందంగా ఉన్న మెరూన్ స్వెటరు తీసుకుంది. మఫ్లరు, కోతి టోపీ, ఊలు గ్లౌజులు కూడా. ఇంటికొచ్చి అవన్నీ పెడితే సంచి నిండిపోయింది. లుంగీకి చోటు లేదు. లుంగీ పెడితే దుప్పటికి చోటు లేదు. ఆమె దుప్పటి పెడుతుంది, నేను తీస్తాను. నేను గడ్డం గీసుకునే సామాను పెడతాను, ఆమె తీసి సకినాల డబ్బా పెడుతుంది.

"సకినాలు ఎందుకే? పండుగకు పోతున్ననా?"

"ఆడ ఏం పెడ్తరో ఏమో! తినకుంటె చలికి ఎట్ల ఆగుతవ్?"

"బరువయితది."

"నీ పానం కన్నా బరువా?" అంది. దుప్పటి మడత విప్పి మళ్ళీ మడిచింది. గనిలో ప్రమాదానికి నేను పరుగెత్తినప్పుడెల్లా ఆమె మామూలుగానే తలుపేసుకుని వంట చేసుకునేది. ఆ రోజు మాత్రం సాక్సుల గురించి, గ్లౌజుల గురించి గంటలకొద్దీ వాదించింది. సొరంగం మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. దుప్పటి మీద ఎందుకంత కోపమో నాకు అప్పుడు తెలియలేదు.

చివరికి కిరాణా కొట్టుకు పోయి కాటాకు వేలాడదీశాం. చెప్పిన బరువు దాటింది. షావుకారు నవ్వాడు. మర్నాడు పొద్దున సారు ఫోన్లో చెప్పిన కిటుకుతో గండం గడిచింది. "బరువు సంచికే గానీ ఒంటికి లెక్క లేదయ్యా. అన్నీ వేసుకునే రండి."

అట్లా వేసుకునే బయల్దేరాం. గోదావరిఖనిలో ఎండ బాగానే ఉంది. రెండు చొక్కాలు, స్వెటరు, దాని మీద కోటు, మెడకు మఫ్లరు. జీపులో కూర్చున్న ఆరుగురమూ చెమటతో ముద్దయిపోయాం. కమాన్‌పూర్ దాటేసరికి కాక టోపీ తీసి విసనకర్రలాగ ఊపుకోవడం మొదలుపెట్టాడు. "చలి సంగతి తర్వాత. ముందు గీ ఉడకకు సచ్చేటట్టున్న," అన్నాడు.

హైదరాబాదులో ఊరవతల కట్టిన కొత్త ఎయిర్‌పోర్టు. మాలో ఎవరమూ విమానం ఎక్కినవాళ్ళం కాము. చెకింగ్ దగ్గర నా సంచి తెరిచి ఆవనూనె సీసా తీసి పక్కన పెట్టారు. నీళ్ళ సీసా పోయింది. మామిడికాయ తొక్కు కూడా నూనెలో తేలుతోందని తీసేశారు. కాక సంచి తెరిచిన పోలీసామె చాలాసేపు అందులోకే చూస్తూ ఉండిపోయింది. ఒక తువ్వాల, పళ్ళపొడి, మిగతాదంతా మక్కగారెలు. అంతే. ఒంటి మీది బట్టలు తప్ప ఇంకో జత లేదు.

"ఇదేం సంచి కాకా?" అన్నాను.

"కడుపుల ఉంటె ఒంట్ల ఉన్నట్టే గదా!" అన్నాడు కాక. మాతోపాటే వస్తున్న సారు సంచిలో మాత్రం అన్నీ పద్ధతిగా ఉన్నాయి. ఊలు లోబట్టలు, తోలు గ్లౌజులు, ఒక చిన్న ఫ్లాస్కు. ఆయన ఇంటర్నెట్టులో చూసి సర్దుకున్నారట. మాకెందుకు చెప్పలేదని ఎవరమూ అడగలేదు. అంత హడావుడిలో మాకు చెప్పాలన్న సంగతి ఆయనకే తోచి ఉండదు.

ఢిల్లీలో దిగి, అక్కడినుంచి జీపుల్లో కొండలెక్కాం. మా సెట్లు ఎక్కించిన వ్యాను వేరే దారిన పోయింది. డ్రైవరుకు ఎవరో ఇంకో ప్రాజెక్టు పేరు చెప్పారట. అది తిరిగి మా వెనకకు వచ్చేదాకా మేము మనుషులం మాత్రమే, చేతుల్లో సంచులతో, ఏ పనికీ రాకుండా ఉన్నాం. నిండు సిలిండర్లు విమానంలో ఎక్కించరు కాబట్టి ఖాళీ చేసి తెచ్చాం, వాటిలో నింపడానికి అక్కడ ఆక్సిజన్ ఉందని ఒకరు, లేదని ఇంకొకరు. చివరికి దగ్గరి పట్నం దవాఖాన నుంచి కొంత తెప్పించారు. ఎంత కావాలని ఎవరూ మమ్మల్ని అడగలేదు. వాళ్ళు ఇవ్వగలిగినంత ఇచ్చారు.

ఇక చలి. దాని గురించి ఎట్లా చెప్పాలి? జీపు దిగి ఊపిరి పీల్చగానే ముక్కులో వెంట్రుకలు బిగుసుకున్నాయి. నేలంతా తెల్లగా ఉంది. ఎండ కూడా ఉంది, కానీ అది వెలుతురుకే, వెచ్చదనానికి కాదు. గ్లౌజు తీసి జీపు తలుపు పట్టుకుంటే చెయ్యి ఇనుముకు అంటుకుంది. మా ఊళ్ళో ఇనుము ఎండకు కాలుతుంది. ఇక్కడ చలికి కాలింది. రెండూ ఒకే రకంగా మండాయి.

సొరంగం నోటి దగ్గర జనం. కొందరు హిందీ, కొందరు నాకు తెలియని భాషలు. మా హైదరాబాదు ఉర్దూతో నెట్టుకొచ్చాం. కాంట్రాక్టరు మనిషి ఒకడు, సన్నగా, ఎర్రటి కళ్ళతో, ఎవరడిగినా ఒకటే చెబుతున్నాడు. లోపల ఇద్దరే, ఇంకెవరూ లేరు అని. అతను చెప్పే తీరు నాకు నచ్చలేదు. ఇంత సొరంగంలో ఇద్దరేనా? ఎక్కడైనా ప్రమాదం జరిగితే కాంట్రాక్టర్లు తక్కువ చేసి చెబుతారని విన్నవాళ్ళం. అబద్ధమాడుతున్నాడని నాతోపాటు అందరమూ అనుకున్నాం.

సెట్లు వీపుకు కట్టుకుని రేకుల షెడ్డులో పరీక్ష చేస్తే అన్నీ బాగున్నాయి. షెడ్డు దాటి సొరంగం దాకా నడిచేసరికి మా టీంలో ఒకతను ఛాతీ పట్టుకుని హారన్ కొట్టాడు. ఊపిరి ఆడడం లేదు. వెనక్కి తెచ్చి విప్పి చూస్తే లోపల వాల్వు బిగుసుకుపోయింది. మనం విడిచే ఊపిరిలో తేమ ఉంటుంది. ఆ తేమే గడ్డకట్టింది. వేడి తగ్గించడానికి ఐసు పెట్టి నేర్చుకున్నవాళ్ళం. ఐసే మమ్మల్ని ఆపుతుందని మాకెవరూ నేర్పలేదు.

సారు కాసేపు సెట్టు వైపు, కాసేపు మా వైపు చూశారు. "లోపల అంత చలి ఉండదు. లోపలికి పోయేవరకు ఇవి వెచ్చగా ఉంటే చాలు. స్వెటర్లు విప్పండి," అన్నారు.

"ఎందుకు సార్?"

"మీకు కాదయ్యా, వాటికి."

తన ఊలు లోబట్టలే ముందుగా సంచిలోంచి తీసి ఆయన ఇచ్చారు. అట్లా మేము ఇంటి నుంచి తొడుక్కొచ్చిన ఊలంతా సెట్ల మీదికి ఎక్కింది. నా మెరూన్ స్వెటరు నా సెట్టుకు చుట్టి, దాని చేతులనే ముడివేశాం. ఒక గొట్టానికి మఫ్లరు, ఇంకో దానికి సాక్సు. కాక దగ్గర ఇవ్వడానికి ఇంకో జత లేదు కాబట్టి మెడలో మఫ్లరు ఇచ్చి, తువ్వాల తలకు చుట్టుకున్నాడు. ఇంకొక్క స్వెటరు ఎక్కువ తెచ్చుకుని ఉంటే బాగుండేదనిపించింది. కానీ ఏది తీసేసి తెచ్చుకునేవాళ్ళమో ఎవరమూ చెప్పలేకపోయాం. పళ్ళు టకటకలాడుతుంటే మళ్ళీ సొరంగం దాకా నడిచాం. ఈసారి వాల్వులు ఆడాయి.

లోపల నిజంగానే వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనానికి సంతోషించాలో, నిప్పు ఇంకా ఉందేమోనని భయపడాలో తెలియలేదు. పొగలో ల్యాంపు వెలుగు చేతి దూరం దాటలేదు. గోడ వెంట పోయే పైపు పట్టుకుని ఒకరి వెనక ఒకరం నడిచాం. కాలిపోయిన బండి పక్కనుంచి దాటాం. ఇంకా ముందుకు పోయాక నాకొక గొంతు వినిపించింది.

"ఎవరన్నా ఉన్నరా? ఓ అన్నా!"

తెలుగు.

నేను ఆగిపోయాను. ఢిల్లీ అవతల, మంచుకొండలో, పొగలో, తెలుగు ఎక్కడినుంచి వస్తుంది? విషవాయువు తలకెక్కితే మనిషికి లేనివి వినిపిస్తాయని మేమే పాఠం చెబుతాం. నా సెట్టు కారుతోందేమో, వాల్వు మళ్ళీ బిగుసుకుందేమో అనుకున్నాను. రూలు తేటగా ఉంది. కెప్టెనుకు తన ఒంటి మీద అనుమానం వస్తే టీం మొత్తాన్ని వెనక్కి తిప్పాలి. తిప్పితే ఆ గొంతు నిజమైనదైతే ఏంకాను? తిప్పకపోతే, అది నా తలలోదైతే, నన్ను నమ్మి వస్తున్న అయిదుగురు ఏంకాను? అడుగుదామంటే నోట్లో గొట్టం.

వెనక్కి తిరిగి ల్యాంపు కాక ముఖం మీదికి తిప్పాను. చెవి చూపించి, వేలు ముందుకు చూపించాను. కాక కళ్ళు పెద్దవయ్యాయి. తల ఊపాడు. ఊపుతూనే తన చెవి కూడా పట్టుకుని, ఇదెట్లా అన్నట్టు చెయ్యి తిప్పాడు. ఇద్దరికీ ఒకే భ్రమ రాదు. ముందుకు కదలమని హారన్ కొట్టాను.

"ఓ అన్నా! పలకరేందన్నా!" అని ఆ గొంతు మళ్ళీ. దగ్గరవుతున్నకొద్దీ అరుపులు ఎక్కువయ్యాయి. మాటకు మాట ఇవ్వలేకపోవడం అంత కష్టమని నాకు అంతవరకు తెలియదు. హారన్ కొడుతూ నడిచాను. ఆ హారన్ మోత విని అతను ఇంకా భయపడ్డాడట, తర్వాత చెప్పాడు. మనుషులనుకోలేదట.

డ్రిల్లింగ్ మిషన్లకు గాలి పంపే పైపు పక్కన, టార్పాలిన్ చాటున ఇద్దరున్నారు. పైపు జాయింటు వదులు చేసి ఆ గాలితో బతికారు. ఒకతను మనవాడు, పాలమూరు వైపు నుంచి వలస వచ్చిన కూలీ. రెండో అతను ఏ రాష్ట్రంవాడో, స్పృహ ఉన్నా మాట లేదు. మేము తీసుకుపోయిన స్పేరు సెట్లు ఇద్దరికీ తగిలించి, భుజాల మీద వేసుకుని నెమ్మదిగా బయటికి తెచ్చాం.

బయట గొట్టం తీయగానే నేనన్న మొదటి మాట, "ఏ ఊరు తమ్మీ మీది?"

అతను నా ముఖంలోకి చూస్తూ ఏడ్వడం మొదలుపెట్టాడు. "తెలుగోల్లా అన్నా మీరు? మరి అంత సేపు పిలిస్తె పలకరైతిరి!" గొట్టం చూపించి చెప్పాను. విన్నాడో లేదో. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "మా బావ ఉన్నడన్నా. మా అక్క మొగుడు. లోపల పంపు కాడ ఉన్నడు. జర పోండ్రన్నా," అన్నాడు.

సారు కాంట్రాక్టరు మనిషిని పిలిచి అడిగారు. అతను తల అడ్డంగా ఊపాడు. లోపల ఎవరూ లేరు, వీడికి మతి చలించింది అన్నాడు హిందీలో. పాలమూరతను అంబులెన్సు ఎక్కనంటే ఎక్కనన్నాడు. "పంపు కాడ బావ కోటు మొలకు ఏలాడుతున్నది, నేను చూసిన. కోటు ఇడిసి ఈ సలిల యాడికి పోతడన్నా?"

ఆ మాట మాకు సరిగ్గానే తోచింది. ఇంత చలిలో కోటు వదిలి ఎవరు బయటికి పోతారు? అక్కడున్న వందమందిలో అతని మాట అర్థమైంది మాకే. సారు నన్ను పక్కకు తీసుకుపోయారు.

"ఆక్సిజన్ ఇంకొక్కసారికి వస్తుంది. నీళ్ళు తోడే పంపు ఇంకా లోపల. అక్కడ నీళ్ళున్నాయట. నీ టీం అలిసిపోయి ఉంది. వీడు చెప్పేది నిజమో, భ్రమో మనకు తెలీదు. నువ్వేమంటావ్?"

లోపల గొంతు విన్నప్పుడే నా చెవులను నేను నమ్మలేదు. ఇప్పుడు ఒక తిండిలేని మనిషి చూశానంటున్న కోటును నమ్మాలా? అప్పుడు వెనకనుంచి కాక అన్నాడు. "సార్, ఉన్నడో లేడో గీడ నిలవడి ఎట్ల చెప్తం? లేకుంటె లేడని చూసొచ్చి చెప్దం. గా పిలగాడు అట్లన్న అంబులెన్సు ఎక్కుతడు."

సారు ముఖం తిప్పుకున్నారు. "సెట్లు నింపండి," అన్నారు.

విశ్రాంతి తీసుకోక తప్పదు కాబట్టి షెడ్డులో రేకు డబ్బాలో వేసిన మంట చుట్టూ కూర్చున్నాం. మంట వేడి తగిలేంత దూరంలో సెట్లు, స్వెటర్లు తొడుక్కుని. వాటి వెనకాల మేము, వణుక్కుంటూ. కాక సంచి విప్పి మక్కగారెలు పంచాడు. రాళ్ళలా గట్టిపడ్డాయి. అందరం అట్లాగే నమిలాం.

రెండోసారి పోయేటప్పుడు మొదటిసారి కన్నా భయమేసింది. ఎందుకో చెప్పలేను. దారి తెలిసిందే. పంపు ఉన్నచోట నీళ్ళు తొడలదాకా వచ్చాయి. మా ఐసుగడ్డ గుర్తొచ్చింది, ఒళ్ళంతా ఆ ఐసులో పెట్టినట్టయింది. గోడకు మొల. మొలకు కోటు. పాలమూరతను చెప్పినట్టే. పక్కన తిండి డబ్బా.

మనిషి లేడు.

నీళ్ళలో కర్రతో వెతికాం, కాళ్ళతో వెతికాం. కాలికి ఏదో తగిలేది. రాయి. గొట్టం ముక్క. మళ్ళీ రాయి. పొగలో ఒకరి ముఖాలు ఒకరం చూసుకోలేదు. కాక ఒక్కడే గోడ వెంబడి చేత్తో తడుముతూ చివరిదాకా పోయి వచ్చాడు. గేజీలో ఆక్సిజన్ తగ్గుతోంది. తిరుగుదామని హారన్ కొట్టాలి, చెయ్యి రాలేదు. చివరికి కొట్టాను. కోటు తీసి చంకలో పెట్టుకున్నాను.

బయటికొచ్చాక పాలమూరతను మమ్మల్ని చూడలేదు, కోటును చూశాడు. మంచులో కూలబడిపోయాడు. "నేనేం జెప్పాలె మా అక్కకు? ఏం మొగం వెట్టుకొని వోవాలె?" అని నేల కొట్టుకుంటూ ఏడ్చాడు. నాకు మాట రాలేదు. గొట్టం లేకపోయినా రాలేదు. సారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు.

జనం వెనకనుంచి ఎవరో తోసుకుంటూ వస్తున్నారు. తల చుట్టూ గడ్డం కింది నుంచి మఫ్లరు కట్టుకున్న మనిషి. ఒక దవడ కొబ్బరికాయంత వాచి ఉంది. ముందుకొచ్చి నా చంకలోకి చూసి, వాచిన నోటితో తెలుగులో అన్నాడు.

"అది నా కోటు గదా?"

ఆ తర్వాత ఒక్క నిమిషం ఏం జరిగిందో నాకు వరుసగా గుర్తులేదు. పాలమూరతను లేచాడు. బావను కౌగిలించుకున్నాడా, కొట్టాడా అంటే రెండూ చేశాడు. "యాడికి వోయినవ్? యాడ సచ్చినవ్?" అని ఛాతీ మీద గుద్దుతూ, అదే చేత్తో మెడ పట్టుకుని ఏడుస్తున్నాడు. బావ దవడకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "మెల్లగ కొట్టురా, పన్ను, పన్ను," అంటున్నాడు.

మెల్లగా సంగతి బయటపడింది. పంటినొప్పి తట్టుకోలేక అతను ప్రమాదానికి ముందే పనిలోంచి జారుకుని, కింద పట్నంలో పళ్ళ డాక్టరు దగ్గరికి పోయాడు. మేస్త్రీ వచ్చి చూస్తే ఇక్కడే ఎక్కడో ఉన్నాడనుకోవాలని కోటు మొలకు తగిలించి, ఎవరిదో శాలువా కప్పుకుని పోయాడు. ప్రమాదం జరిగాక దారి ఆపేశారు. మంచులో నడుచుకుంటూ ఇప్పటికి వచ్చాడు. కాంట్రాక్టరు మనిషికి గేటు దగ్గర కాపలావాడు ముందే లెక్క చెప్పాడు, బయటికి పోయినవాళ్ళు పోగా లోపల ఇద్దరే అని. మేము అబద్ధాలకోరు అనుకున్నవాడు మొదటినుంచీ నిజమే చెబుతున్నాడు. తిరిగి అతని వైపు చూశాను. అతను మాకు చాయ్ తెమ్మని ఎవరినో పంపాడు. ఆ ఎర్రటి కళ్ళు నిద్రలేకపోవడం వల్ల అని అప్పుడు గాని నాకు అర్థం కాలేదు.

మాకు కోపం రావాలి. ఆరుగురం లేని మనిషి కోసం చావుదాకా పోయి వచ్చాం. కాక మంచులో చతికిలబడి, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, అవి చెంపల మీదే గడ్డకడుతున్నాయి. "లేడు సార్! చూసొచ్చినం, లేడు!" అంటున్నాడు సారుతో. సారు అటు తిరిగి ముక్కు చీదుకుంటున్నారు. నాకు తిట్టాలనిపించింది, నవ్వొచ్చింది, కూర్చుని ఏడవాలనిపించింది. వీటిలో ఏది ముందు చెయ్యాలో తెలియక అట్లాగే నిలబడ్డాను.

బావ అని పిలిపించుకున్న ఆ మనిషి నా దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు. "కోటియ్యన్నా, సలి వెడుతున్నది," అన్నాడు. అప్పుడు గాని చూసుకోలేదు, దాన్ని రెండు చేతులతో ఛాతీకి అదుముకుని ఉన్నానని. వేళ్ళు బిగుసుకుపోయి వెంటనే వదల్లేదు. అతనే ఒక్కొక్క వేలూ విడదీసి తీసుకున్నాడు.

అందుకే ఆ లెక్క నేను చెప్పను. రెండోసారి పోయి నేను ఒక్క మనిషిని కూడా బయటికి తేలేదు. ఒక కోటు తెచ్చాను. దాన్ని తొడుక్కునే మనిషి బయటే ఉన్నాడు.